ఉద్దానమున కూరగాయల నిలువ

ఆంధ్రదేశచరిత్రలో ధాన్యమునకు లభించిన స్థానము కూరగాయలకు లభింపలేదు. పుట్టి, తూము, కుంచము మున్నగు ధాన్యపు కొలతలు శాసనములయందు కానవచ్చుచునే యున్నవి. పెరటిలో కాచిన కాయ యట్లు కాదు. అది రెండు మూడు దినములలో వాడును, కొలతకు రాదు, శాసనమున కెక్కదు. అయినను ఏడాదిలో మూడు నాలుగు నెలలు మాత్రము కాచెడి కాయను పండ్రెండు నెలలును కంచమున వడ్డించుట యెట్లను ప్రశ్నకు మన గృహిణులు కనుగొనిన సమాధానము అల్పవిషయము కాదు. నిలువ యనగానే ఊరుగాయ జాడీ మనకు స్ఫురించును. ఊరుగాయ యా సమాధానమున నాలుగవ భాగము మాత్రమే యనియు, తక్కిన మూడు భాగములు తోటనే నమ్ముకొని యుండుననియు ఉద్దానసీమను ఆధారముగా గొని యిందు నిరూపింప యత్నింతుము.

శ్రీకాకుళము జిల్లా యీశాన్యభాగమున, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ, ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో వ్యాపించిన తోటభూమికి ఉద్దానమని పేరు. ఇది ఉద్యానశబ్దభవమని లోకప్రసిద్ధి. ప్రాకృతమున ద్యకారము జ్జకార మగుట నియమము గావున ఉద్యానము 'ఉజ్జాణ' మగును. వైద్యుడు వెజ్జగుట యీ మార్గముననే. కాని తెలుగున విద్య విద్దె యైనది, పద్యము పద్దె మైనది. ఆ త్రోవనే ఉద్యానము ఉద్దాన మైనదనుట సమంజసముగా నున్నది. అనగా నీ పేరు ప్రాకృతము మీదుగా వచ్చినది కాక, తెలుగువారి నోట నేర్పడినదై యుండును. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, మునగ, అరటి, కంద యీ సీమకు ప్రాణములు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు నీ భూమి గంజాము జిల్లాలోనిది. పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడినప్పు డందులోని దైనది. తెలుగు, ఒడియా రెండును వినబడు సీమ యగుటచే వంటింటి మాటలును రెండు భాషలను కలుపుచున్నవి. సంస్కృతమున వటిక యైనది మనకు వడియము, ఒడియావారికి 'బడి'.

శాకముల నిలువకు ప్రాచీనప్రమాణములు లేకపోలేదు. కౌటిల్యుడు కోష్ఠాగారాధ్యక్షప్రకరణమున ఎండిన కందమూలఫలశాకములను శాకవర్గమున చేర్చెను. వాత్స్యాయనుడు భార్యాధికారికమున గృహిణి ముల్లంగి, వంగ, గుమ్మడి, ఆనప, కంద మున్నగువాని విత్తులను సకాలమున గ్రహించి, సకాలమున నాటవలెనని విధించెను. అమరసింహుడు ఇంటితోటకు నిష్కుటమని ప్రత్యేకనామ మొసగెను. కాబట్టి పెరడును, విత్తును, ఎండబెట్టుటయు నాడే గృహధర్మములుగా పరిగణింపబడినవి.

తెలుగున మిక్కిలి విలువగల సాక్ష్యము ఆముక్తమాల్యదయందు కలదు. విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువున కనుగుణముగా భోజన మిడు ఘట్టమున, వానకాలమున వడియములు, వరుగులు వడ్డింపబడినవి, శీతకాలమున ఆవపెట్టిన పచ్చళ్ళు, ఊరుగాయలు, వేసవిని వడపిందెలు. కథారంగము శ్రీవిల్లిపుత్తూరైనను పేర్లు తెలుగు పేర్లే గావున, కృష్ణరాయల పాలనకాలమగు 1509-1529 నాటికి నీ నిలువలు తెలుగువా రెరిగినవే యనుట కిది చాలును. వానకాలమున ఇల్లాలి కన్నులకు పొగ సోకకుండ కొబ్బరిచిప్పలు వంటచెరకైనవని కవి చెప్పుట ఉద్దానమువారికి పరిచితమైన దృశ్యము. ఇం దొక విశేషము గమనింపదగును. శీతకాలపు భోజనమున కారమునకు మిరియపుపొడియే కలదు, మిరపకాయ లేదు. మిరప పోర్చుగీసువారి వెంట పదునారవ శతాబ్దమున అమెరికాఖండమునుండి వచ్చినది. మిరియమును బట్టియే దానికి మిరపకాయ యను పేరు కలిగినది. ఎఱ్ఱని కారముతో కలిపిన నేటి ఆవకాయ కంటె వరుగు ప్రాచీనతరమని దీనివలన తేలుచున్నది.

ఇక నిలువపద్ధతులను నేల, నీడ, ఎండ, ఉప్పు అని నాలుగుగా విభజింపవచ్చును.

నేల నిలువకు కంద, పెండలము ముఖ్యములు. కంద ఆకు పసుపువారి నేలకు వాలినపిమ్మట దుంప పక్వమైనదని యెరుగవలెను. అప్పటికిని త్రవ్వితీరవలెనని లేదు. వానలు పడి మరల మొలకెత్తులోపల నేలలోనే యుంచి కావలసినప్పుడు తీసికొనవచ్చును. త్రవ్వునప్పుడు గునపము తగిలిన దుంపను ముందుగా వండుకొందురు, గాయము లేనిదానిని కడుగక మన్నుతోనే యారబెట్టి దాతురు. పనసపిక్కల విషయ మింకను సూక్ష్మము. తక్కిన విత్తులవలె వీనిని పూర్తిగా నెండబెట్టినచో జీవము పోవును. తడి యెక్కువైన మొలకెత్తును. ఇసుకలో గప్పి యుంచినచో రెండు దోషములును తప్పును. ఇసుకనేల గల సీమ కిది సులభసాధ్యమైన యుపాయము.

నీడ నిలువకు గుమ్మడి యుదాహరణము. తొక్కపై గోరు దిగనప్పుడు, తొడిమ యెండినప్పుడు, తొడిమతోనే కోయవలెను. తొడిమ యూడినచోట కుళ్ళు ప్రవేశించును. బూడిదగుమ్మడికి పైని బూడిద దట్టముగా పట్టుట గురుతు. వట్టినేలపై పెట్టక, గడ్డిపై నుంచుటయో దూలమునకు వ్రేలాడదీయుటయో చేసినచో నెలలకొలది చెడదు. విత్తుకై విడిచిన ఆనపకాయ తీగపైననే యెండి బుఱ్ఱయగును. లోపలి విత్తులకు నదియే భరణి.

ఎండ నిలువలు మాఘమునుండి వైశాఖమువరకు సాగును. వంగ, గోరుచిక్కుడు, కాకర, దోస, మామిడి ముక్కలను పలుచగా తరిగి యెండబెట్టుదురు. విరిచిన టక్కున విరిగినగాని వరుగు కాలేదు. వంగినచో లోన తడి యున్నదని యర్థము. అట్టిది ఆషాఢమున బూజు పట్టును. కొత్తకుండలో నుంచి, మూతికి గుడ్డ కట్టి, వానలు వెలిసిన దినములలో మరల నెండ చూపుట యాచారము. బూడిదగుమ్మడి ముక్కలకు ఉప్పు రాచి, మూటగట్టి బరువుపెట్టి, నీరు దిగిన పిమ్మట మినపపిండిలో కలిపి వడియములు పెట్టుదురు. నీరే చెరుపు, నీరు తీసినచో నిలువ యను సూత్రము నీ పనులన్నిటియందును గృహిణులు పాటించిరి.

నాలుగవది ఉప్పు నిలువ. 'ఊరు' ధాతువునకు 'కాయ' చేరి ఊరుగాయ యైనది. ఉప్పు కాయలోని నీటిని వెలికి లాగును. ఆవపిండియు నూనెయు గాలిని, క్రిములను నిరోధించును. మాగాయ, చింతపండు ముద్దలు, ఉప్పులో నూరిన ఉసిరి యీ వర్గములోనివి. ఈ పద్ధతి తక్కిన మూడింటివలె పెరటితో ముగియదు, ఉప్పును కొనవలెను. ఇచ్చట చరిత్ర యొక వింత చూపుచున్నది. టెక్కలి దాపున నౌపడాలో ఉప్పుమళ్ళు ప్రసిద్ధములు. 1900లో పర్లాకిమిడికి వేసిన చిన్న రైలుమార్గము నౌపడానుండియే బయలుదేరినది. అట్లయ్యు మద్రాసు రాజధానిలో 1805వ సంవత్సరపు మొదటి రెగ్యులేషను ఉప్పును కుంపిణీ గుత్తాధికారమున చేర్చెను. ఇంటిముందటి మళ్ళలో పండిన ఉప్పును ప్రభుత్వపు వెలకే కొనవలసివచ్చెను. 1930లో ఉప్పుసత్యాగ్రహపు కెరట మీ తీరమును తాకినది. పన్ను 1947లో తొలగినది. నూటనలువదియేండ్లకు పైబడిన యీ కాలమున జాడీ నింపగల యిల్లు వేరు, కుండలో వరుగు పోసికొను ఇల్లు వేరు అని యూహించుట యుక్తము. 1866 నాటి క్షామము గంజామును పీడించినప్పుడు, నేలలోని దుంపకును కుండలోని వరుగునకును గల విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మొదటి మూడు నిలువలకు మూలధనము తోటయే. ఆ తోటకు 2018 అక్టోబరు 11వ తేదీన పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను మహోపద్రవము కలిగించినది. కొబ్బరి, జీడిమామిడి చెట్లు అసంఖ్యాకములుగా కూలినవి. కూలిన కొబ్బరి స్థానమున నాటిన మొక్క కాపునకు వచ్చుటకు నైదారేండ్లు పట్టును. చెట్టు పోయినచో దాని నీడన బ్రతికిన కందయు పోవును. లేతపనస నేడు పొట్టుకూరకై యుత్తరదేశపు అంగళ్ళకు పోవుచుండుట రైతునకు లాభమే. కాని కాయ పిందెగానే యమ్ముడుపోయినచో పండు లేదు, పిక్క లేదు, ఇసుకలో దాచవలసిన పనియు లేదు.

రెండవ విపత్తు మూత్రపిండవ్యాధి. దాని మూలకారణము విజ్ఞానశాస్త్రమున నింకను నిర్ధారితము కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండపరిశోధనాలయమును, వంశధారజలములనందించు త్రాగునీటి పథకమును ప్రారంభింపబడినవి. ఈ రోగులకు ఉప్పు తగ్గింపుమని వైద్యులు చెప్పుదురు. అందుచే రోగి యున్న యింట ఊరుగాయ జాడీ అటకెక్కును. అంతమాత్రమున వరుగే పథ్యమని చెప్పుట సాహసము. కందయు, ఎండిన శాకములును కూడ కొందరు రోగులకు నిషిద్ధములు. ఆ నిర్ణయము వైద్యులది. చరిత్రకారుడు చెప్పగలిగిన దొక్కటే: ఉప్పు లేని నిలువ మనకు కొత్త కాదు, అది మన నిలువలలో ప్రాచీనమైన శాఖ. దానిని తెలిసిన వృద్ధస్త్రీలు నానాటికి తగ్గుచున్నారు.

ఈ సీమకు పొరుగుననే పర్లాకిమిడిలో గిడుగు వేంకటరామమూర్తిగారు సవరల నోటినుండి మాటలు సేకరించి 1931లో సవరభాషావ్యాకరణమును వెలువరించిరి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలికవృత్తిపదకోశపు తొలి సంపుటమున వ్యవసాయపదములను ప్రకటించినది. ఆ మార్గముననే పెరటి మాటలను, అటక మాటలను, వడియపు చాప మాటలను సేకరించుట యుచితము. దీనికి శాసనపరిశోధనమంత శ్రమ యక్కరలేదు. ఉద్దానపు పాఠశాలలలోని పండితులు తమ విద్యార్థులచేత వారి యవ్వలను అడిగించి, ఏ కాయను ఏ నెలలో ఏ గురుతున కోయుదురో, దేనిలో దాతురో, దానికి ఏమి పేరో వ్రాయించినచో చాలును. పడిపోయిన తోటను మరల నాటుచున్న యీ దినములలోనే యా పని జరుగవలెను. తోట పెరిగి వచ్చునప్పటికి, దాని ఫలమును దాచు విధ మెరిగినవారు మిగిలియుండవలెను గదా.