నవ్వులో నేర్చిన మాట

పూర్వాలంకారికులు బోధనను మూడు విధములుగా విభజించిరి. రాజాజ్ఞవలె శాసించునది ప్రభుసమ్మితము. స్నేహితునివలె నచ్చజెప్పునది మిత్రసమ్మితము. ప్రియురాలివలె మనసు నాకర్షించి దారికి దెచ్చునది కాంతాసమ్మితము. వేదము, పురాణము, కావ్యము వీనికి క్రమముగా దృష్టాంతములు. ఓరుగంటి ప్రతాపరుద్రుని పేర అలంకారగ్రంథము రచించిన విద్యానాథుడును ఈ విభాగమును చెప్పియున్నాడు. ఉప్పల్, నాచారం ప్రాంతములకు పరభాషాపదములు వచ్చిన చరిత్రకును ఇది చక్కగా సరిపోవును.

నిజాము పాలనలో ఇచ్చటి రైతునకు ఉర్దూ మాటలు కచేరీలో పరిచయమైనవి. దరఖాస్తు, పహాణీ, జమాబందీ, జప్తు అను పదములను అతడు పుస్తకము చదివి నేర్వలేదు. అవి తన భూమిమీదికి వచ్చినప్పుడు నేర్చెను. మాట తెలియకున్న పొలము పోవునను భయమే గురువు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనప్పుడు ఇంగ్లీషు నిర్బంధ పాఠ్యాంశముగా నుండెను గాని, ఊరి జనమునకు అది అందని పండు. 1948 తరువాత విశ్వవిద్యాలయ బోధన ఇంగ్లీషునకు మారెను. పిమ్మట ఉప్పల్, నాచారములలో పారిశ్రామికవాడలు వెలసెను. షిఫ్టు, గేటుపాసు, ఓవర్‌టైము, సస్పెన్షన్ అను మాటలు కార్మికుల నోటికెక్కెను. ఇదియు ప్రభుసమ్మితమే. కచేరీ పోయి కర్మాగారము వచ్చెను. భయము మాత్రము పోలేదు.

ఇంతలో మిత్రమార్గమును తెరచుకొనెను. 1958లో కేంద్ర ఆంగ్లభాషా సంస్థ హైదరాబాదున స్థాపింపబడెను. ఉస్మానియా ఆవరణమును ఆనుకొని, తార్నాకకు చేరువనున్న యీ సంస్థ తరువాత విదేశభాషలను గూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమయ్యెను. ఇంగ్లీషు బోధించు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట దాని తొలి పని. అది గురువులకు గురువు. సామాన్యుని యింటి గడప నది తొక్కలేదు.

ఆ గడప దాటి వచ్చినది టెలివిజన్. నాచారమునకు ఉత్తరమున 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టెలివిజన్ పెట్టెలను తయారుచేసెను. 1975–76లో ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినప్పుడు, ఆ గ్రామములకు చేరిన పెట్టెలు ఇచ్చట తయారైనవే. 1977లో హైదరాబాదు దూరదర్శన్ ప్రసారములు మొదలయ్యెను. ఆ కేంద్రము ఉప్పల్‌కు పొరుగున రామంతాపూర్‌లో గలదు. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ విద్యార్థులకై దేశమంతటికిని టెలివిజన్ పాఠములు ఆరంభమయ్యెను.

పాఠము ఒకవైపు సాగుచుండగా, హాస్యము మరొకవైపు తన పని తాను చేసెను. ఇది తెలుగువారికి క్రొత్త గాదు. 1892లో తొలుత ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కములో గిరీశము ఇంగ్లీషు ముక్కలతో లోకమును బురిడీ కొట్టించును. చూచువారు నవ్వుచునే ఆ ముక్కలను పట్టుకొనిరి. 1955 నాటి చలనచిత్రములో ఆ పాత్రను ధరించిన నందమూరి తారక రామారావుగారే తరువాత నాచారములో స్టూడియో నిర్మించిరి. 1977 డిసెంబరులో ఇంగ్లండున 'మైండ్ యువర్ లాంగ్వేజ్' అను హాస్యధారావాహిక మొదలయ్యెను. నానాదేశములవారు లండనులో రాత్రిబడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకొనుట దాని కథ. దానిని హిందీ నేర్చుకొనువారి కథగా మార్చి 1993లో 'జబాన్ సంభాల్కే' అను పేర దూరదర్శన్ ప్రసారము చేసెను. ఇట్టి నాటకముల తునకలు నేడు సెల్‌ఫోనులో రెండు మూడు నిమిషములలో చూడ వీలగుచున్నవి.

ఈ తునకలవలన కలుగు మేలేమి? నిఘంటువులో 'ఎక్స్‌క్యూజ్', 'పార్డన్' అను రెంటికిని క్షమించుట యనియే యుండును. 'సారీ' యు దాని చాయలనే యుండును. బస్సులో దారి యడుగునప్పుడు మొదటిది, ఎదుటివారి మాట వినబడనప్పుడు రెండవది, కాలు తొక్కినప్పుడు మూడవది వాడవలెనని నిఘంటువు చూచినంతనే తెలియదు. హాస్యపాత్ర కాలు తొక్కి 'ఎక్స్‌క్యూజ్ మీ' యనినప్పుడు జనము నవ్వును. ఆ నవ్వు మాటతోబాటు దాని సందర్భమును గూడ మనసున నాటును.

అయితే నవ్వునకు రెండంచులు గలవు. పైన జెప్పిన ఇంగ్లండు ధారావాహిక పరజాతులవారిని ఎగతాళి చేయుచున్నదను ఆక్షేపణ వచ్చి 1979లో నిలిపివేయబడెను. 1986లో మరికొన్ని భాగములు వెలువడెను. పొరపాటును చూచి నవ్వుట వేరు, మనిషిని చూచి నవ్వుట వేరు. తెలుగు మాధ్యమమున చదివిన బాలుడు తరగతిలో ఇంగ్లీషు నోరు విప్పినప్పుడు తోటివారు అతని యాసను చూచి నవ్విరేని, అతడు మరల నోరు విప్పడు. అప్పుడు హాస్యము గూడ కచేరీయే యగును. పాత భయము క్రొత్త వేషముతో వచ్చును.

గ్రంథాలయము చేయదగిన పని యిచ్చట గలదు. ఒక చిన్న తునకను పదిమంది పిల్లలు కలిసి చూచి, అందు రెండు మాటలు వ్రాసికొని, శంకరనారాయణ నిఘంటువులో అర్థము వెదకి, వానిని తమలో తాము వాడి చూచుకొనవచ్చును. తప్పు మాటాడినవానిని సరిదిద్ది, అతనితో కలిసి నవ్వవలెను. తాతల కాలమున కచేరీ గుమ్మమున వణకుచు నేర్చిన పరభాషను మనుమలు గ్రంథాలయపు చాపమీద కూర్చుండి నవ్వుచు నేర్వగలిగిన, ఈ యూరి చరిత్రలో అది చిన్న మార్పు గాదు.