డయల్ తిప్పాలా, ప్లేటు మార్చాలా? గడ్డం రేజరు చరిత్ర కొంత

పోయిన నెల సమావేశం అయ్యాక కాఫీ దగ్గర ఇద్దరు పెద్దలు వాదించుకుంటూ ఉంటే విన్నాను. ఒకరికి కొడుకు అమెరికా నుంచి డయల్ ఉన్న రేజరు తెచ్చి ఇచ్చాడు. దాని మెడ దగ్గర ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఉంటాయి. ఇంకొకరికి అల్లుడు కొనిచ్చిన పెట్టెలో ఒక రేజరు, దానితో మూడు ప్లేట్లు వచ్చాయి. కావలసిన ప్లేటు బిగించుకుని గీసుకోవాలి. ఏది మేలు అని నన్ను అడిగారు. రైల్వేలో అన్నేళ్ళు ఫైళ్ళు చూసినవారు, మీకే తెలియాలి అన్నారు. ఫైళ్ళకూ గడ్డానికీ ఏమి సంబంధమో గానీ, ఈ రేజర్ల సంగతి నాకు ఇష్టమైనదే. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పొడుగైనది, తీరిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న మాట. నాది బళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు. తమిళంలో గడ్డం గీయించుకోవడాన్ని చవరం అంటారు, మన క్షవరమే అది. రాసేటప్పుడు 'సవరం' అని పలికేలాగే ఉంటుంది. తెలుగులో సవరం అంటే ఆడవాళ్ళు జడలో కలిపి అల్లుకునే వెంట్రుకల పాయ. చిన్నప్పుడు మా అమ్మ సవరం కొనుక్కురమ్మంటే నేను బ్లేడు కొనుక్కొచ్చానని ఇంట్లో ఇప్పటికీ ఒక కథ చెబుతారు. అది నిజం కాదు, మా అక్క కల్పించినది. ఒకటి వెంట్రుక తీసేది, ఇంకొకటి వెంట్రుక చేర్చేది, రెంటికీ మద్రాసులో ఒకే పేరు.

ఇక అసలు సంగతి. సేఫ్టీ రేజరులో ఉండేవి పైమూత, కింద ప్లేటు, పిడి. మధ్యలో బ్లేడు వంగి కూర్చుంటుంది. బ్లేడు అంచుకూ ప్లేటు అంచుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందు చిన్నదైతే రేజరు మెత్తగా పోతుంది, నాలుగు రోజుల గడ్డం మాత్రం దానికి లొంగదు. సందు పెద్దదైతే ఎంత గరుకు గడ్డమైనా ఒక్క గీతలో పోతుంది, చెయ్యి తప్పితే తోలూ పోతుంది. బ్లేడు అంచు ఎంత బయటికి తొంగి చూస్తున్నదీ, ఏ వాలులో కూర్చున్నదీ కూడా లెక్కే. అయినా మనకు సందు సంగతి తెలిస్తే చాలు. మనవాళ్ళ వాదన అంతా ఈ సందును ఎలా మార్చాలి అన్నదే.

కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే ఆయన 1901లో అమెరికాలోని బోస్టన్‌లో కంపెనీ పెట్టాడు. పల్చటి ఉక్కురేకుకు పదును పెట్టే యంత్రాలు తయారు చేసింది మాత్రం విలియం నికర్సన్ అనే ఇంజనీరు. పేరు ఒకరిది, పని ఒకరిది, ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. 1903లో మొదటి ఏడాది అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్లే 90 వేలు దాటాయి. 1904 నవంబరులో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు కొన్నది. ఇంటికి తిరిగొచ్చిన సైనికుడు ఆ అలవాటును వెంట తెచ్చుకున్నాడు.

ఇక్కడ గమనించవలసినది ఏమంటే, ఆ మొదటి రేజరే ఒక విధంగా అడ్జస్టబుల్. పిడిని గట్టిగా బిగిస్తే బ్లేడు బాగా వంగి సందు తగ్గుతుంది. కొంచెం వదులు చేస్తే వంపు తగ్గి సందు పెరుగుతుంది. అప్పటి సూచనల కాగితంలోనే ఈ మాట ఉండేది. కానీ వదులు చేసిన మూత ఊగుతుంది, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది. చెంప మీద అది ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు.

1921లో పేటెంటు గడువు తీరింది. అప్పటి నుంచి మూడు ముక్కల రేజరు లోకంలో అందరి సొత్తు అయింది. మన దేశంలో మా నాయన కాలపు వాళ్ళు వాడినవన్నీ ఆ జాతివే. బరువైన ఇత్తడి రేజరు, పైన పూత, కొన్నాళ్ళకు పూత పోయి పసుపు బయటపడేది. తర్వాత ప్లాస్టిక్ పిడివి వచ్చాయి. భారత్ బ్లేడు, టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, ఏ బ్లేడైనా ఏ రేజరులోనైనా పట్టేది. ఇదేమీ చిన్న సంగతి కాదు. ఇంట్లో నలుగురు మగవాళ్ళుంటే ఒక ప్యాకెట్టు కొంటే సరిపోయేది. పిడి మర అరిగితే పక్కవాడి పిడి బిగించుకునేవారు. ప్లేటు మార్చే రేజరు ఇవ్వాళ కొత్తగా పుట్టిందనుకుంటున్నాం గానీ, దాని మూలం ఇదే.

డయల్ రేజరు కథ వేరు. జర్మనీలో సందు మార్చే రేజర్లు ముందే ఉన్నా, లోకానికి పరిచయం చేసింది జిల్లెట్ వాళ్ళే. 1958లో ధర 1.95 డాలర్లు కాబట్టి 195 అనే పేరుతోనే వచ్చింది. దాని మందపాటి పిడి చూసి తర్వాతి కాలంలో సేకరించేవాళ్ళు ఫ్యాట్‌బాయ్ అని పేరు పెట్టారు. పిడి కింది మర తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకుంటాయి, బ్లేడు వేసి మూస్తే సరి. మెడ దగ్గర డయల్ తిప్పితే సందు మారుతుంది. 1960ల్లో సన్నటి పిడితో స్లిమ్, 1969లో సూపర్ అడ్జస్టబుల్ వచ్చాయి.

ఇవి మద్రాసుకు ఎలా వచ్చాయి? కొట్లో దొరికే వస్తువులు కావు, అప్పట్లో దిగుమతుల మీద ఎంత కట్టడి ఉండేదో మీకు తెలుసు. నేను మొదటిసారి చూసింది బర్మా బజారులో. 1980ల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. బీచ్ స్టేషన్లో దిగి బయటికి వస్తే ఎదురుగానే ఆ వరస. గడియారాలు, క్యాసెట్లు, సెంటు సీసాల మధ్య నల్ల పిడి డయల్ రేజరు ఒకటి. చేతిలోకి తీసుకుని డయల్ తిప్పి చూసి ధర అడిగి తిరిగి పెట్టేశాను.

ఆ బజారు గురించి మనం మరిచిపోకూడనిది ఒకటుంది. 1962లో బర్మాలో నే విన్ సైనిక పాలన వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయం చేశారు. తరాల తరబడి అక్కడున్న మనవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కి మద్రాసులోనూ విశాఖపట్నంలోనూ దిగారు. తమిళులతో పాటు తెలుగువాళ్ళూ వేలల్లో ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళు కాబట్టి రంగూన్‌లో తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. అలా వచ్చినవాళ్ళు బతకడానికి 1969లో హార్బరు పక్కన ఏర్పాటైనదే బర్మా బజారు. అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు పెట్టిన కొట్ల ముందు నిలబడి మనం ఫారిన్ సరుకు చూసి మురిసిపోయేవాళ్ళం.

సరే, డయలా ప్లేటా అన్నదానికి వస్తాను. రైల్వే మనిషిని కదా, నాకు రైల్వే ఉదాహరణే తోస్తుంది. మన ఎగ్మోర్ అప్పట్లో మీటరు గేజి, 1000 మిల్లీమీటర్లు. సెంట్రల్ బ్రాడ్ గేజి, 1676. బీచ్ నుంచి తాంబరం లోకల్ కూడా 1931 నుంచి 2004 దాకా మీటరు గేజి మీదే నడిచింది. ఆ బండి ఈ పట్టా ఎక్కదు. కాబట్టి మనం చేసినదేమిటి? పెట్టె నెత్తిన పెట్టుకుని ఆటోలో ఎగ్మోర్ నుంచి సెంట్రల్‌కు పోవడం. బయటి దేశాల్లో దీనికి రెండు ఉపాయాలు కనిపెట్టారు. స్పెయిన్‌లో టాల్గో బండి చక్రాలు పక్కకు జరిగి దూరం మార్చుకుంటాయి, 1969 నుంచి ఆ బండి అలాగే ఫ్రాన్సు దాటిపోయేది. పోలండు సరిహద్దు బ్రెస్ట్ స్టేషన్లో పెట్టెను జాకీలతో పైకెత్తి కింది బోగీలే విప్పి వేరేవి పెట్టేవారు.

డయల్ రేజరు టాల్గో, ప్లేటు రేజరు బ్రెస్ట్. మొదటిదానిలో తెలివి అంతా లోపలి మరల్లో ఉంది. క్షణంలో మారుతుంది, కానీ కదిలే ప్రతి భాగమూ అరిగేదే. రెండోది మోటుపని, విప్పాలి, బిగించాలి. కానీ ఒకసారి బిగించాక కదిలేది ఏదీ లేదు.

ప్లేటు పద్ధతి మళ్ళీ ఎందుకు వచ్చిందో చెబుతాను. 1971లో జిల్లెట్ జంట బ్లేడు కార్ట్రిజ్ తెచ్చింది. అందులో సందు కంపెనీ వాళ్ళు నిర్ణయించినదే, మనకు మార్చే వీలు లేదు, ఇంకొకరి బ్లేడు పట్టదు. మన దేశంలో 2010లో వచ్చినప్పుడు గార్డ్ రేజరు 15 రూపాయలే, కార్ట్రిజ్ 5 రూపాయలే, సామాన్యుడికి మంచిదే, కాదనను. అయినా పద్ధతి అదే. అమెరికాలో యూరప్‌లో కొందరికి ఇది నచ్చక పాత రేజర్లు వెతుక్కున్నారు. కంప్యూటరుతో నడిచే మిషన్ల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా లోహం కోయడం చిన్న వర్క్‌షాపులకూ అందుబాటులోకి వచ్చింది. 2014లో కెనడాలోని టొరంటోలో రాక్‌వెల్ అనేవాళ్ళు జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసి ఒక రేజరు చేశారు. మూడు ప్లేట్లు, ఒక్కొక్కటి రెండు పక్కలా వాడుకోవచ్చు, అంటే ఆరు కొలతలు. సందు 0.20 మిల్లీమీటరు నుంచి 0.79 దాకా. కెనడాలోనే కార్వ్ అనేవాళ్ళు ప్లేట్లకు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు పెట్టి ఏది కావాలంటే అది అమ్ముతారు. చిన్న కంపెనీకి డయల్ చేయడం కష్టం, ప్లేటు చేయడం సులువు. జర్మనీ మెర్కూర్ వాళ్ళు డయల్ రేజర్లు ఆపలేదు. మన దేశంలో తయారయ్యే పార్కర్, పెర్ల్ రెండింటిలోనూ డయల్ మోడళ్ళు ఉన్నాయి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. కొత్తలో నెల రోజులు డయల్ మంచిది, మన చెంపకు ఏ కొలత సరిపోతుందో అదే నేర్పుతుంది. తర్వాత ఎవరూ డయల్ తిప్పరు. మూడో నాలుగో అంకె దగ్గర అది అలాగే ఉండిపోతుంది, ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు లాగ. పైగా మన చెన్నై బోరు నీళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పు డయల్ లోపలి మరల్లో పేరుకోదా? సబ్బుతో కలిసి గట్టిపడితే తిప్పడానికి పటకారు కావాలి. ప్లేటు రేజరును మూడు ముక్కలు చేసి పాత పళ్ళ బ్రష్షుతో తోమితే అయిపోయింది. కొనేటప్పుడు స్టీలుదా, పూత వేసిన జింకు మిశ్రమమా అని అడగండి. జింకు మీద పూత లేస్తే దానికి మరమ్మతు లేదు.

ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. మా నాయన ఆఖరి రెండేళ్ళు మంచం మీదే ఉన్నారు. రక్తం పల్చబడడానికి మందు వాడేవారు, చిన్న గాటు పడినా పటికకు ఆగేది కాదు. గడ్డం మాత్రం రోజూ నున్నగా ఉండాలి, లేకపోతే ఎవరినీ గదిలోకి రానిచ్చేవారు కాదు. కరెంటు షేవరు ఆయనకు గిట్టలేదు. ఆయన ఇత్తడి రేజరు సందు పెద్దది, తన చేతిలో నలభై ఏళ్ళు బాగానే నడిచింది. ఇంకొకరికి గీయడానికి అది పనికిరాదు. నా రేజరు మూత, సన్నని సందున్న ప్లేటు తీసి ఆయన పిడికి బిగించాను. మర సరిగ్గా పట్టింది. పిడి చేత్తో పట్టుకుని చూసి తన రేజరే అనుకుని తల ఆనించేవారు. ముడతలు పడిన తోలును ఎడం చేత్తో సాగదీసి పట్టి, పైనుంచి కిందికి మాత్రమే గీయాలి. మన సంఘంలో పెద్దవాళ్ళకు గడ్డం గీస్తున్న కొడుకులు, అల్లుళ్ళు, కొన్ని ఇళ్ళలో కోడళ్ళు కూడా ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళకు నేను చెప్పేది సన్నని సందు ప్లేటే. డయల్ రేజరే ఇంట్లో ఉంటే ఒకటో అంకె మీద పెట్టండి. గీసే ముందు ప్రతిసారీ అంకె చూసుకోండి, పిల్లలు తిప్పి ఆడుకుని ఉండవచ్చు. పిడి అడుగున మర ఉండే మెర్కూర్ రకమైతే మూత మీది గీత ప్లేటు మీది గుర్తుకు ఎదురుగా ఉన్నదో లేదో కూడా చూడాలి. తిరగేసి వేస్తే అంకె ఒకటి చూపిస్తుంది, సందు ఇంకొకటి ఉంటుంది.

చివరగా ఒక పని చెబుతాను. మీ ఇంట్లో పాత జిల్లెట్ డయల్ రేజరు ఎక్కడైనా ఉంటే తల కింది భాగం భూతద్దంతో చూడండి. అమెరికాలో చేసినదైతే ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. డి అంటే 1958, ఇ 1959, ఎఫ్ 1960, జి 1961. అంకె ఆ ఏడాదిలో ఎన్నో మూడు నెలలో చెబుతుంది. మన వ్యాగన్ల మీద ఓవర్‌హాల్ తేదీ రాసినట్టే. కనబడితే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో కూడా రాయండి.