విజయనగరం: కోట దాటిన కళ

విజయనగరం సంగీతం గురించి రాసేవాళ్ళు చాలామంది ఆనందగజపతి కొలువుతో మొదలుపెట్టి ఆ కొలువులోనే ఆగిపోతారు. 1879లో గద్దెనెక్కిన ఆ రాజుకు పాటన్నా పద్యమన్నా ప్రాణం. సంస్థానంలో వీణ వేంకటరమణదాసు వంటి విద్వాంసులు ఉండేవారు. ఇదంతా నిజమే. అయితే పండితులను పోషించిన సంస్థానాలు తెలుగునాట ఇంకా ఉన్నాయి. విజయనగరంలో విశేషమేమిటంటే, ఇక్కడ కళ రాజు బతికుండగానే కోట గుమ్మం దాటింది.

మొదట దాటింది నాటకం. జగన్నాథ విలాసినీ సభ అప్పటిదాకా సంస్కృత నాటకాలు వేస్తుండేది. 1892 ఆగస్టు 13న అదే సభ ‘కన్యాశుల్కం’ ఆడింది. రాసింది మహారాజా కళాశాల అధ్యాపకుడు గురజాడ అప్పారావు. అంతకుముందే ఆనందగజపతి విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కపు పెళ్ళిళ్ళ లెక్క తీయించాడు. బ్రాహ్మణ కుటుంబాల్లోనే 1,034 తేలాయి. వాటిలో ఏడాది నిండిన పసికందుల పెళ్ళిళ్ళు కూడా ఉన్నాయి. నాటకానికి ముడిసరుకు పురాణంలోంచి కాక ఇలాంటి లెక్కల్లోంచి రావడం అప్పటికి కొత్త. భాషా కొత్తదే. 1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ 1909లో దాదాపు తిరగరాశాడు. ఆ రెండో కూర్పు కోట ముందరి బొంకులదిబ్బ మీద తెర తీస్తుంది. ఊళ్ళోవాళ్ళు రోజూ తొక్కే దిబ్బే రంగస్థలమైంది. నాటకంలో వేశ్య మధురవాణిని సానికొంపలోంచి తెచ్చి నడిబజారులో నిలబెట్టినవాడు, సానుల మేజువాణీలు మాన్పించాలన్న అప్పటి సంస్కర్తల యాంటీ-నాచ్ పట్టుదలను కూడా వదిలిపెట్టలేదు. మేజువాణీల్లో బతికిన కళావంతులే ఆ కాలపు సంగీతానికీ అభినయానికీ సగం బడి. సంస్థాన వైభవం గురించి రాసిన పుస్తకాల్లో వాళ్ళకు దొరికే చోటు ఇప్పటికీ తక్కువే.

ఇక ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఈయన విజయనగరంలో చదువుకునే రోజుల్లో కుప్పుస్వామి నాయుడి హరికథ విని, తానూ కట్టాలనుకున్నాడు. 1883లో ‘ధ్రువ చరిత్ర’తో మొదలుపెట్టాడు. పాట ఒకచోట, ఆట ఒకచోట అనుకునేవాళ్ళకు హరికథ కొరకరాని కొయ్య. కాలికి గజ్జెలు, చేతిలో చిరుతలు, మెడలో పూలదండతో మనిషి ఒక్కడే గంటల తరబడి నిలబడి పాడాలి, పద్యం చదవాలి, చిందెయ్యాలి. కథలో ఎన్ని పాత్రలుంటే అన్ని గొంతులు మార్చాలి. మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించాలి. దాసుగారు దానికి తోడు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో ఐదు వేరువేరు తాళాలు నడిపించేవారు. దాన్నే పంచముఖి అన్నారు. నా లెక్కలో విజయనగరంలో సంగీతాన్నీ నాటకాన్నీ కలిపిన మడతబందు ఆయనే.

ఆయన్నే ప్రిన్సిపాలుగా పెట్టి 1919లో అప్పటి రాజు విజయరామ గజపతి సంగీత పాఠశాల తెరిచాడు. కొలువులో ఉన్న ఒకాయన కొడుక్కి చూపు లేదని, ఆ పిల్లవాడి చదువు కోసమే బడి పుట్టిందని ఊళ్ళో చెప్పుకుంటారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వాయింపు విని నారాయణదాసు ఆయనకు పంతులుద్యోగమే ఇప్పించారు. గాయకుడి పక్కన ఒదిగి కూర్చునే ఫిడేలును ద్వారంవారు సోలో కచేరీకి ఎక్కించారు. 1936లో ప్రిన్సిపాలూ అయ్యారు.

బడి అయ్యాక ఎవరైనా రావచ్చు. కృష్ణా జిల్లా నుంచి చేతిలో కానీ లేకుండా వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు, జోలె కట్టుకుని మధుకరం ఎత్తి పొట్ట నింపుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రాణ్ణి చేరదీసి పాఠం చెప్పారు. ఈ ఊళ్ళోనే పుట్టిన పి.సుశీల కూడా ఆ సంగీత కళాశాల విద్యార్థినే. తర్వాత సినిమా వీళ్ళిద్దరి గొంతులనూ ఊరూరా మోసుకెళ్ళింది.

కోటతోనూ బడితోనూ సంబంధం లేని కళ ఒకటి చుట్టుపక్కల ఊళ్ళలో అంతకుముందు నుంచే ఉంది. తూర్పు భాగవతంలో సత్యభామ వేషగాడికీ మద్దెలగాడికీ జతుల పోటీ తెల్లవార్లూ నడుస్తుంది. తప్పెటగుళ్ళవాళ్ళు రొమ్మున తప్పెట కట్టుకుని గెంతుతూ పాడతారు. వీళ్ళ విద్య తండ్రి నుంచి కొడుక్కి, గురువు నుంచి దళానికి వచ్చింది. రాజు పోతే వీళ్ళకు పోయేదేమీ లేదు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సంస్థానం పోషణ ముగిసింది. సంగీత కళాశాల ప్రభుత్వం చేతికి వెళ్ళింది. నాటకం ఉద్యోగస్తుల చేతికొచ్చింది. 1953 నుంచి జొన్నలగడ్డ సోదరులు ‘కన్యాశుల్కం’ మళ్ళీ ఆడటం మొదలుపెట్టారు. రమణమూర్తి గిరీశం, సోమయాజులు రామప్పపంతులు. పూర్తిగా ఆడితే రాత్రంతా పట్టే నాటకాన్ని కుదించి, ఊరూరా తిప్పారు.

1980లో ‘శంకరాభరణం’ వచ్చేనాటికి సోమయాజులు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తెర మీద శంకరశాస్త్రిని చూసి ఆయన్ని విద్వాంసుడే అనుకున్నవాళ్ళు చాలామంది. పాడింది ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. కచేరీలో విద్వాంసుడు ఎలా కూర్చుంటాడో, అపస్వరానికి ఎలా తలెత్తి చూస్తాడో, కోపాన్ని ఎక్కడ మింగుతాడో చూపించింది మాత్రం నాటకాలాడి పండిన నటుడు.