ఇంటి బీడీపని: కూలి, గుర్తింపు, లెక్కకు రాని నిరుద్యోగం

బీడీపనికి నెలజీతం లేదు, రోజుకూలీ లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి చెల్లిస్తారు. తెలంగాణ నుంచి వెళ్లి మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాలలో మగవారికి మగ్గం, స్త్రీలకు బీడీ జీవనాధారాలయ్యాయి. ఇంటిపని, పిల్లల పెంపకం చూసుకుంటూనే చేయదగిన పని కావడం, చదువుతో నిమిత్తం లేకపోవడం స్త్రీలు ఇందులో అధికంగా ఉండటానికి ముఖ్య కారణాలు.

కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకొని, ఇంటివద్ద ఆకు తడిపి, కత్తిరించి, బీడీలు చుట్టి, కట్టలుగా అప్పగించాలి. నాసిరకమని తీసివేసిన బీడీలకు కూలి రాదు. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొనుక్కోవలసి వస్తుంది. అందువల్ల ప్రకటించిన రేటుకూ, చేతికందే కూలికీ తేడా ఉంటుంది.

ముడిసరుకు తీసుకొని ఇంటివద్ద బీడీలు చుట్టేవారిని కూడా 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఉద్యోగులుగానే గుర్తించింది. ఆ చట్టాన్ని 1974లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జీఎస్టీ రాకతో రద్దయింది. 1966 చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులలో విలీనమైంది. అయితే ఆకు, తంబాకు కార్మికురాలికి అమ్మినట్టు, బీడీలు ఆమె వద్ద కొన్నట్టు కాగితాలపై చూపే పద్ధతిలో యజమాని అనేవాడే కనిపించడు. అప్పుడు భవిష్యనిధి, గ్రాట్యుటీ అడగడానికి ఆధారం మిగలదు.

నిరుద్యోగ గణాంకాలలోనూ ఈ స్త్రీల ఇబ్బంది కనబడదు. 2017లో మొదలైన జాతీయ శ్రామిక సర్వే వారపు లెక్క ప్రకారం, ఆ వారంలో ఏ ఒక్కరోజైనా గంటసేపు పనిచేసినవారు ఉపాధి ఉన్నవారే. కార్ఖానా వారానికి రెండు రోజులకు సరిపడే ఆకే ఇచ్చినా ఆమె నిరుద్యోగి కాదు. రేటు తగ్గకుండానే ఆదాయం తగ్గుతుంది.

సంఘటితమైనచోట కొంత ఫలితం దక్కింది. షోలాపూర్ సమీపంలోని కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కోసం నిర్మించిన పదివేల ఇళ్ల కాలనీని 2006లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఇటువంటి హక్కులు పొందడానికి కార్మికురాలికి ముందుగా కావలసినవి గుర్తింపు కార్డు, కార్ఖానా రిజిస్టరులో ఆమె పేరు. కుటుంబంలో ఎందరు చుట్టినా ఒక్కరి పేరే నమోదైతే, మిగిలినవారి శ్రమకు దాఖలా ఉండదు.