గానుగ దగ్గర పుట్టిన కైపిరీన్యా

2003 అక్టోబర్ 2న బ్రెజిల్ ప్రభుత్వం జారీ చేసిన ఒక డిక్రీలో కైపిరీన్యా అనే పానీయానికి నిర్వచనం ఉంది. కషాసా, నిమ్మకాయ, పంచదార కలిపి చేసేదే కైపిరీన్యా. అందులో ఆల్కహాల్ 15 నుంచి 36 శాతం దాకా ఉండాలి. కషాసా అంటే చెరకు రసాన్ని పులియబెట్టి, బట్టీలో కాచి తీసే సారా. దానికీ అదే డిక్రీ 38 నుంచి 48 శాతం అని హద్దు గీసింది. జనం ఇళ్లలో, సముద్రతీరపు బడ్డీల్లో చేతి అంచనాతో కలుపుకునే పానీయానికి ఇంత కట్టుదిట్టమైన చట్టం ఎందుకు కావాల్సి వచ్చింది? ఆ సారాను ఒకప్పుడు పాలకులే నిషేధించారు, సంపన్నులు చీదరించుకున్నారు, విదేశీ వ్యాపారులు మరో పేరుతో అమ్మారు. కైపిరీన్యా చరిత్ర అంటే ఆ చిన్నచూపు మీద బ్రెజిల్ ప్రజలు గెలిచిన చరిత్ర.

చెరకుతో వచ్చినవాళ్లు

చెరకు రసాన్ని కాచి పంచదార చేసే విద్య భారతదేశంలో పుట్టి, పర్షియా, అరబ్బు దేశాల మీదుగా మధ్యధరా తీరానికి చేరింది. పోర్చుగీసువారు మదీరా దీవిలో చెరకు పండించి లాభాలు రుచి చూశాక, అదే పంటను అట్లాంటిక్ దాటించారు. 1532లో మార్తిం అఫోన్సో ద సౌజా ఇప్పటి సావో పాలో తీరంలో సావో విసెంచి పట్టణాన్ని స్థాపించాడు. కొద్ది ఏళ్లలోనే అక్కడ గానుగలు తిరగడం మొదలైంది. ఆ తర్వాత పెర్నాంబుకో, బాయియా ప్రాంతాలు ప్రపంచానికి పంచదార పంపే తోటలుగా మారాయి.

ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. మొదట స్థానిక ఆదివాసులను, తర్వాత ఆఫ్రికా నుంచి తెచ్చినవారిని గానుగలకు కట్టేశారు. మూడు శతాబ్దాల్లో సుమారు 48 లక్షల మంది ఆఫ్రికన్లు బ్రెజిల్ తీరంలో దిగారు. కోతల కాలంలో గానుగ రాత్రింబవళ్లు ఆడేది. నిద్ర లేక తూలి, రోలర్ల మధ్య చేతులు పోగొట్టుకున్నవారు ఎందరో. మరిగే రసం మీద తేలిన నురుగును తీసి పశువులకు, బానిసలకు వదిలేసేవారు. అది పులిస్తే మత్తెక్కుతుంది; దాన్ని కాస్తే సారా అవుతుంది. కషాసా ఆ గానుగల దగ్గరే పుట్టింది.

దాని చరిత్రలో దాచకూడని పుట ఒకటుంది. తోటల్లో తయారైన ఈ సారా పీపాలను ఓడల్లో అంగోలాకు పంపి, లువాండా రేవులో వాటికి బదులుగా మనుషులను కొన్నారు. బానిసలు కాచిన సారాయే మరికొందరిని బానిసలను చేసే సరుకైంది. ఈ పానీయాన్ని గురించి మాట్లాడేవారు ఈ సంగతి వదిలేసి ముందుకు పోవడం న్యాయం కాదు.

నిషేధం, తిరుగుబాటు

బ్రెజిల్లో కషాసా చౌక. దాంతో పోర్చుగల్ నుంచి వచ్చే వైన్‌కు, ద్రాక్ష సారాకు గిరాకీ పడిపోయింది. అక్కడి వర్తకుల ఒత్తిడితో 1649లో రాజు కషాసా తయారీని, అమ్మకాన్ని నిషేధించాడు. బట్టీలు ఆగలేదు; దొంగచాటుగా సాగాయి. 1660లో రియో దె జనీరో గవర్నర్ సల్వదోర్ కొర్రేయా ద సా పన్నుల భారం పెంచాడు. గ్వానబారా అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న తోటల యజమానులు నవంబర్‌లో తిరగబడి, పడవల్లో అఖాతం దాటి నగర పాలనను చేతిలోకి తీసుకున్నారు. ఐదు నెలలు రియో వారి ఏలుబడిలోనే ఉంది. 1661 ఏప్రిల్‌లో గవర్నర్ సైన్యంతో తిరిగివచ్చి, నాయకుడు జెరోనిమో బర్బాల్యో తల నరికించాడు.

కానీ ఆ తిరుగుబాటు వృథా పోలేదు. అదే ఏడాది రాజప్రతినిధిగా ఉన్న రాణి లూయిజా ద గుస్మావ్ నిషేధాన్ని ఎత్తేసింది. బ్రెజిల్ కషాసా తయారీదారులు సెప్టెంబర్ 13ను కషాసా దినంగా జరుపుకునేది అందుకే.

నిషేధించి లాభం లేదని తెలిశాక పాలకులు పన్ను వసూలు చేసుకోవడం నేర్చుకున్నారు. 1772లో ఉపాధ్యాయుల జీతాల కోసం విధించిన పన్ను ఈ సారా మీద కూడా పడింది. 1817లో పెర్నాంబుకోలో పోర్చుగల్ మీద తిరగబడ్డవారు దిగుమతి వైన్‌ను పక్కనబెట్టి స్థానిక సారాతో విందు చేసుకున్నారు. ఏ గ్లాసు ఎత్తారో చూసి మనిషి ఏ పక్షమో చెప్పగలిగిన రోజులవి.

నిమ్మ, పంచదార, ఐసు

సారాలో పులుపూ తీపీ కలిపే అలవాటు పోర్చుగీసు ప్రపంచంలో పాతదే. మదీరాలో చెరకు సారా, నిమ్మరసం, తేనె కలిపి చేసే పోంచా ఈనాటికీ తాగుతారు. బ్రెజిల్‌లో ఈ కలయికకు దొరికే తొలి రాతసాక్ష్యాల్లో ఒకటి పరాచీ రేవు పట్టణానిది. 1856లో కలరా ప్రబలినప్పుడు, జనం ఉత్త నీళ్లు తాగకుండా సారాలో నీళ్లు, పంచదార, నిమ్మ కలిపి ఇప్పించినట్టు అప్పటి ఒక ఉత్తరం చెబుతోంది. సావో పాలో లోపలి పల్లెల్లో, ముఖ్యంగా పిరాసికాబా చుట్టుపక్కల, మరో కథ వాడుకలో ఉంది: 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో సారాలో నిమ్మ, తేనె, వెల్లుల్లి కలిపి మందుగా తాగేవారట, వెల్లుల్లి పోయి, తేనె స్థానంలో పంచదార వచ్చి ఇప్పటి రూపం వచ్చిందట. ఈ రెండింటిలోనూ కనిపించేది ఒకటే: ఇది చిట్కా వైద్యంగా మొదలైన పానీయం. దీనికి ఐసు తోడవడానికి కాలం పట్టింది. రియోకు ఐసు 1834లో అమెరికా ఓడ మీద దిగుమతి సరుకుగా వచ్చింది. అది మామూలు ఇళ్లకు అందాకే కైపిరీన్యా ఇప్పటి చల్లదనం తెచ్చుకుంది.

దానికి పట్టణంలో పరువు తెచ్చినవారు కళాకారులు. 1922లో సావో పాలోలో జరిగిన ఆధునిక కళా వారోత్సవం తర్వాత, యూరప్‌ను అనుకరించడం మాని సొంత నేలను చూసుకోవాలన్న ఆలోచన బలపడింది. చిత్రకారిణి తర్సిలా దో అమరల్ పారిస్‌లోని తన స్టూడియోలో స్నేహితులకు బ్రెజిల్ భోజనంతో పాటు ఈ పానీయం కూడా ఇచ్చేదని చెబుతారు. కాఫీ తోటల యజమాని కూతురైన ఆమె 1923లో పల్లెపిల్లను గీసిన చిత్రానికి ‘ఎ కైపిరీన్యా’ (పల్లెపిల్ల) అనే పేరు పెట్టింది. పల్లెవాళ్లను ఎగతాళి చేసే సమాజంలో అది ధైర్యమైన పని. 2020లో ఆ చిత్రం వేలంలో 5.75 కోట్ల రెయాయిస్‌కు అమ్ముడుపోయింది.

గ్లాసులో కలిపే తీరు

గింజలు లేని ఆకుపచ్చ తాహితీ నిమ్మకాయ కొసలు రెండూ కోసేస్తారు. నిలువుగా చీల్చి మధ్యలో తెల్లటి ఈనె తీసేస్తారు. అది ఉంటే చేదెక్కుతుంది. తొక్కతోనే ముక్కలు చేసి, పొట్టి గ్లాసులో వేసి, పైన పంచదార చల్లి చెక్క రోకలితో నొక్కుతారు. రసం దిగాలి, తొక్కలోని వాసన నూనె పంచదారకు పట్టాలి. అంతకుమించి నూరితే చెడుతుంది. తర్వాత ఐసు ముక్కలు, వాటి మీద కషాసా. వడకట్టరు. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ప్రామాణిక జాబితాలో ఉన్న కొలత 60 మిల్లీలీటర్ల కషాసా, ఒక నిమ్మకాయ, నాలుగు చెంచాల పంచదార. నల్ల చిక్కుడు గింజలు, పంది మాంసం కలిపి వండే ఫెయ్‌జోఆదా తినే శనివారాల్లో భోజనానికి ముందు ఇది తప్పనిసరి.

నిమ్మ స్థానంలో పాషన్ ఫ్రూట్, అనాస, పితాంగా, జబుతికాబా కూడా వేస్తారు. ఈశాన్య తీరంలో జీడిమామిడి పండు వేస్తారు. జీడిమామిడి పుట్టిల్లు అదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని భారత తీరానికి తెచ్చారు. మన పలాస, ఉద్దానం తోటల్లో గింజకే గిరాకీ. అక్కడ పండుకూ అంతే విలువ. ఇటు నుంచి వెళ్లిన మామిడి కూడా ఇప్పుడు ఆ గ్లాసుల్లో చేరింది. 1908 నుంచి సావో పాలో చేరిన జపాన్ వలసదారుల వల్ల కషాసాకు బదులు సాకే పోసే రకమూ వచ్చింది.

పరాయి దేశాల్లో సొంత పేరు

విదేశాల్లో కైపిరీన్యాను ముందుగా నెత్తిన పెట్టుకున్నది జర్మనీ. పెర్నాంబుకోలో 1938లో మొదలైన పితూ కంపెనీ కషాసా అక్కడ బాగా స్థిరపడింది. 1990ల నాటికి కైపిరీన్యా లేని జర్మన్ బార్ అరుదు. యూరప్ వాళ్లు తమ తీరులో గోధుమరంగు పంచదార, పొడిచేసిన ఐసు వాడుకున్నారు. మద్యం ముట్టనివారి కోసం అల్లం సోడాతో ‘ఇపనీమా’ అనే రకం కూడా తయారుచేశారు.

అమెరికాలో చిక్కు వేరు. అక్కడి నిబంధనల ప్రకారం కషాసా సీసా మీద ‘బ్రెజిలియన్ రమ్’ అని రాయాల్సి వచ్చేది. రమ్‌లో ఎక్కువ భాగం పంచదార తీయగా మిగిలే మడ్డితో చేస్తారు. కషాసాకు తాజా చెరకు రసమే కావాలి. బ్రెజిల్ ఏళ్ల తరబడి పట్టుబట్టింది. 2012 ఏప్రిల్‌లో రెండు ప్రభుత్వాలు ఒప్పందానికి వచ్చాయి. 2013 ఏప్రిల్ నుంచి కషాసాను అమెరికా బ్రెజిల్‌కు మాత్రమే చెందిన ఉత్పత్తిగా గుర్తించింది. బదులుగా బ్రెజిల్ బోర్బన్, టెన్నెసీ విస్కీల పేర్లను గుర్తించింది. ఈలోగా పెద్ద కంపెనీలూ కన్నేశాయి. 1846 నాటి కషాసా సంస్థ ఇపియోకాను మద్యం కంపెనీ డియాజియో 2012లో కొనేసింది. 2014 ప్రపంచ కప్పు ఫుట్‌బాల్, 2016 ఒలింపిక్స్‌కు వచ్చిన సందర్శకులు ఈ రుచిని తమ దేశాలకు మోసుకెళ్లారు.

ఇంత పేరొచ్చినా, తయారయ్యే కషాసాలో ఎగుమతయ్యేది ఒక శాతం అటూ ఇటూ మాత్రమే. మిగతాదంతా బ్రెజిల్‌లోనే ఖర్చవుతుంది. విదేశీ బార్లలో చాలాచోట్ల కషాసాకు బదులు వోడ్కా పోసి, అదీ ఇదీ ఒకటేనంటారు. వోడ్కాతో చేసే కైపిరోస్కా తప్పేమీ కాదు, కానీ దాన్ని కైపిరీన్యా అనడం మాత్రం తప్పు. ఎందుకంటే ఇందులో నిమ్మ, పంచదార ఎక్కడైనా దొరుకుతాయి. చరిత్ర ఉన్నది కషాసాలో. రాగి పాత్రల్లో కాచి, మొదటి ధారనూ చివరి ధారనూ పారబోసి నడిమి ధారనే పట్టే చిన్న బట్టీలు మినాస్ జెరాయిస్ కొండల్లో ఇంకా ఉన్నాయి. పరాచీకి 2007లో, మినాస్ జెరాయిస్‌లోని సాలినాస్‌కు 2012లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు సీసా మీది ముద్రతో ఆగిపోకూడదు. గానుగలను చూపించి సందర్శకులకు గ్లాసు అందించే ప్రతి చోటా, ఆ గానుగ తిప్పినవారెవరో, 1888లో బానిసత్వం రద్దయ్యేదాకా వాళ్లు ఎలా బతికారో కూడా చెప్పాలి. ఈ పానీయం వల్ల దేశానికి దక్కిన గౌరవంలో తొలి వాటా వాళ్లదే.