ప్రింటరుకు ఎవరి మాట అర్థమవుతుంది?

ఒకే ప్రింటరును విండోస్, మాక్, లినక్స్ కంప్యూటర్లు పంచుకునే చోట ప్రింట్ రావడం లేదంటే లోపం సాధారణంగా నాలుగింటిలో ఒకటి. ప్రింటరు కంప్యూటరుకు కనిపించదు. కనిపించినా వాడుకోనివ్వదు. వాడుకోనిచ్చినా పంపిన పేజీ దానికి అర్థం కాదు. అన్నీ కుదిరాక కాగితం కొలత దగ్గర పేచీ వస్తుంది. బాగుచేసేవాడికి ఇదంతా ఒక పూట పని. చరిత్రలో మాత్రం వీటి వయసు యాభై ఏళ్లు. పేజీని తయారుచేసే తెలివి కంప్యూటరులో ఉండాలా, ప్రింటరులో ఉండాలా అన్న తగువు ఎన్నిసార్లు అటూ ఇటూ మారిందో అన్నిసార్లు కొత్త చిక్కు ఒకటి వచ్చి చేరింది.

అసలు ఆఫీసు నెట్‌వర్కు పుట్టడానికే ప్రింటరు ఒక కారణం. జిరాక్స్ కంపెనీ ఇంజనీరు గ్యారీ స్టార్క్‌వెదర్ కాపీ యంత్రంలో లేజరు కిరణం పెట్టి, కంప్యూటరు చెప్పిన బొమ్మను నేరుగా డ్రమ్ము మీద గీయించవచ్చని న్యూయార్క్ రాష్ట్రంలోని వెబ్‌స్టర్‌లో పనిచేస్తూ వాదించాడు. అక్కడి పైవాళ్లకు అది రుచించలేదు. 1971లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి మారాక ఆయన ఆ యంత్రాన్ని చేసి చూపించాడు. సెకనుకు ఒక పేజీ, అంగుళానికి 500 చుక్కలు. అంతటి యంత్రాన్ని బల్లకొకటి చొప్పున ఎవరూ పెట్టలేరు. అదే కేంద్రంలో ఆల్టో అనే వ్యక్తిగత కంప్యూటర్లు సిద్ధమవుతున్నాయి. వాటన్నిటినీ ఒకదానితో ఒకటి, ఈ ప్రింటరుతోనూ కలిపే వేగమైన తీగ కావాల్సి వచ్చింది. అక్కడే పనిచేస్తున్న రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన మెమోలో ఈథర్నెట్ ఆలోచన ఉంది. ఆ తీగ మీద ఎక్కువగా ఒకే జాతి కంప్యూటర్లు ఉన్నాయి కాబట్టి ఎవరి మాట ఎవరికి అర్థమవుతుందన్న ప్రశ్న పెద్దగా రాలేదు.

ప్రింటరులోపల ఏం జరుగుతుందో తెలిసే హక్కు ఎవరిదన్న ప్రశ్న అమెరికా తూర్పు తీరంలో వచ్చింది. ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు 1980 ప్రాంతంలో జిరాక్స్ ఒక లేజరు ప్రింటరు ఇచ్చింది. అంతకుముందున్న ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ప్రింట్ కోసం ఎదురుచూస్తున్న వాళ్ల తెరల మీద ఆ కబురు కనిపించేలా అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామును మార్చుకున్నాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని మూల సంకేతం ఎవరూ ఇవ్వలేదు. గోప్యత ఒప్పందం అడ్డమొచ్చింది. 1983 సెప్టెంబరులో ఆయన ప్రకటించిన గ్నూ ప్రాజెక్టుకు ఈ అనుభవం ఒక ప్రేరణ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వెనక కాగితం ఇరుక్కున్న ప్రింటరు ఉందంటే ప్రింటరుతో వేగిన వాళ్లెవరూ ఆశ్చర్యపోరు.

లినక్స్ నమూనాగా తీసుకున్న యూనిక్స్ లోకంలో ప్రింటరును పంచే పని బర్క్‌లీ విశ్వవిద్యాలయం యూనిక్స్‌తో వచ్చిన ఎల్‌పీడీ అనే చిన్న ప్రోగ్రాముది. పంపిన పనులను వరుసలో పెట్టి, ఒకటొకటిగా ప్రింటరుకు అందించేది. వేరే కంప్యూటర్ల నుంచి నెట్‌వర్కు మీద వచ్చిన పనులనూ తీసుకునేది. దాని నడతను 1990లో ఒక పత్రంగా రాసిపెట్టారు. 515వ నంబరు పోర్టు దానిదే, ఇప్పటికీ చాలా ఆఫీసు ప్రింటర్లలో అది తెరిచే ఉంటుంది. అయితే ఎల్‌పీడీ మోసుకుపోయే కూలీ మాత్రమే. ప్రింటరు రంగులదా, రెండు వైపులా వేయగలదా, ట్రేలో ఏ కాగితం ఉంది అని అడిగే వీలు అందులో లేదు. మోసుకొచ్చిన సరుకు ప్రింటరుకు అర్థమవుతుందా లేదా అన్నదీ దానికి పట్టదు.

ఆ రోజుల్లో వేర్వేరు సిస్టమ్‌ల మధ్య మొదట బయటపడిన తేడా మెట్లలాంటి అచ్చు. టైపురైటరులో కొత్త పంక్తి మొదలుపెట్టాలంటే రెండు పనులు: బండిని ఎడమ చివరకు తోయడం, కాగితాన్ని ఒక పంక్తి పైకి జరపడం. టెలిటైపు యంత్రాలు వీటికి రెండు వేర్వేరు సంకేతాలు పెట్టాయి. విండోస్‌కు ముందున్న డాస్ రెండూ ఉంచుకుంది. యూనిక్స్ కాగితం జరిపే సంకేతంతో సరిపెట్టుకుంది, పాత మాకింటాష్ బండి తోసే సంకేతంతో. డాస్ పద్ధతికి అలవాటుపడ్డ ప్రింటరుకు యూనిక్స్ నుంచి మామూలు టెక్స్ట్ పంపితే ఒక్కో పంక్తి పైపంక్తి ఆగిన చోటి నుంచి మొదలై కుడివైపు మెట్లు దిగుతూ పోయి, కాగితం అంచు దాటి మాయమవుతుంది. ప్రింటరు చెడిపోలేదు, తనకు చెప్పింది చెప్పినట్టు చేసింది. మధ్యలో ఒక చిన్న ఫిల్టరు పెట్టి, లేని సంకేతాన్ని చేరిస్తే సరిపోతుంది.

అసలు పెద్ద మార్పు 1980ల నడుమ వచ్చింది. పాలో ఆల్టో వదిలి వచ్చిన జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబీ సంస్థ పెట్టి, పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ భాష తయారుచేశారు. ఆపిల్ 1985లో అమ్మకానికి పెట్టిన లేజర్‌రైటర్‌లో ఆ భాషను అర్థం చేసుకునే కంప్యూటరే ఉంది. దాని ప్రాసెసరు అప్పటి మాకింటాష్‌లోని దానికంటే వేగమైనది. ధర 6,995 డాలర్లు. అంత ధర పెట్టాలంటే పదిమంది పంచుకోక తప్పదు కాబట్టి నెట్‌వర్కు మీద పంచుకునే ఏర్పాటుతోనే దాన్ని అమ్మారు. అంతకు ఏడాది ముందే, అదే కెనాన్ ఇంజనుతో హెచ్‌పీ తెచ్చిన లేజర్‌జెట్ ధర సుమారు సగం. అది మాట్లాడేది పీసీఎల్ అనే వేరే భాష. 1990లలో చౌక ప్రింటర్లు ఇంకో దారి పట్టాయి. ప్రింటరులో తెలివి పెడితే ఖర్చు, కాబట్టి పేజీనంతా విండోస్ డ్రైవరే చుక్కలుగా మార్చి పంపుతుంది, ప్రింటరు ఆ చుక్కలను కొడుతుంది. ఆ డ్రైవరు అప్పట్లో చాలావరకు విండోస్‌కే ఉండేది. అది లేని మాక్, లినక్స్ వాళ్లకు ఆ ప్రింటరు మూగది.

ఇప్పటికీ ఎక్కువ కాగితం తగలేసే లోపం ఇక్కడి నుంచి వచ్చిందే. శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, పీఎస్ అనే అక్షరాలతో మొదలయ్యే పేజీలు వరుసగా వస్తుంటే, పోస్ట్‌స్క్రిప్ట్ రాని ప్రింటరుకు పోస్ట్‌స్క్రిప్ట్ చేరిందని అర్థం. పేజీకి ఒక పంక్తి చొప్పున పిచ్చి గుర్తులు వస్తుంటే వేరే ప్రింటరు డ్రైవరు తయారుచేసిన సరుకు వచ్చిందన్నమాట. ప్రింటరు ఆపి మళ్లీ పెట్టినంత మాత్రాన ఇది ఆగదు, ఎందుకంటే ఆ పని కంప్యూటరులోని వరుసలో ఇంకా కూర్చునే ఉంటుంది. ముందు దాన్ని వరుసలోంచి తీసేసి, ఆ తర్వాత డ్రైవరు మార్చాలి. ఇంకో రకం ఉంది. ప్రింటరు లినక్స్ కంప్యూటరుకు తగిలించి ఉంటుంది, విండోస్ కంప్యూటరు తన డ్రైవరుతో పేజీని పూర్తిగా వండి పంపుతుంది, లినక్స్ దాన్ని మళ్లీ వండుతుంది. పని ఒక్కరే చేయాలి. విండోస్ వైపు డ్రైవరు ఉంటే లినక్స్ వైపు వరుస ఏమీ మార్చకుండా పంపేదై ఉండాలి.

తెలుగు అచ్చుకు ఈ దశలో తనదైన కష్టం ఒకటి తోడైంది. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లలో పుట్టుకతో ఉన్న అక్షరాలు రోమన్‌వే, తెలుగు అక్షరాలు పేజీతోపాటు ప్రయాణించాల్సిందే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసిన డీటీపీ కేంద్రాల్లో తెలుగు గుణింతాలు రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చునేవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా డీటీపీ బల్లల మీదికి అది రావడానికి చాలాకాలం పట్టింది. అను ఫాంట్లతో చేసిన ఫైలును ఆ ఫాంటు లేని మాక్‌లోనో లినక్స్‌లోనో తెరిచి ప్రింట్ ఇస్తే రోమన్ అక్షరాల గందరగోళం వస్తుంది. నింద మాత్రం ప్రింటరు మీద పడుతుంది. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌ను మొదటి కంప్యూటరులోనే తయారుచేసి తెస్తే చాలా సందర్భాల్లో తగువు అక్కడితో తీరిపోతుంది.

విండోస్ కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి వాడే పద్ధతి ఎస్ఎంబీ. ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ 1980ల ఆరంభంలో దాన్ని రూపొందించాడు, తర్వాత మైక్రోసాఫ్ట్ పెంచింది. యూనిక్స్‌కు అది అర్థం కాదు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర్లో ఈ గోడకు కన్నం వేశాడు. చదవడానికి సరైన పత్రాలు లేవు. నెట్‌వర్కు మీద రెండు యంత్రాలు మాట్లాడుకునేదాన్ని వింటూ, ఏ మాటకు ఏ జవాబు వస్తుందో చూస్తూ, ఆ జవాబులే ఇచ్చే ప్రోగ్రాము రాశాడు. ఫ్రెంచి రాని మనిషి ఫ్రాన్సులో కాఫీ హోటల్లో కూర్చుని, ఎవరు ఏమంటే సర్వరు ఏం తెచ్చాడో గమనించి భాష నేర్చుకోవడం లాంటిదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1994లో ఆ ప్రోగ్రాముకు సాంబా అని పేరు పడింది. దాని పుణ్యమా అని లినక్స్ కంప్యూటరు విండోస్ వాళ్లకు మరో విండోస్ సర్వరులాగే కనిపించసాగింది.

ఆ వినికిడి చదువు పదిహేనేళ్లకు పైగా సాగింది. యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, తన యంత్రాలు మాట్లాడుకునే ఇలాంటి పద్ధతుల సమాచారం పోటీదారులకు ఇవ్వాలని ఆదేశించింది. 2007లో కోర్టు ఆ తీర్పును నిలబెట్టాక, డిసెంబరులో సాంబా బృందం తరఫున ఒక లాభాపేక్ష లేని సంస్థ 10,000 యూరోలు కట్టి పత్రాలు అందుకుంది. విని నేర్చుకున్నదాన్ని అప్పటికి చదివి సరిచూసుకునే వీలు కలిగింది.

కనిపించినా వాడుకోనివ్వని లోపం మాత్రం ఈమధ్యే ఎక్కువైంది, దానికి కారణం దొంగలు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వ్యాపించడానికి వాడుకున్న కన్నాల్లో, ప్రింట్ పనులను వరుసలో పెట్టే విండోస్ ప్రింట్ స్పూలర్‌లోని లోపం ఒకటి. 2017 మేలో వన్నాక్రై పాత ఎస్ఎంబీలోని లోపంతో ప్రపంచమంతా పాకింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఆ పాత రకాన్ని కొత్తగా పెట్టుకునేటప్పుడు వదిలేస్తూ వచ్చారు. ఆ రకమే తెలిసిన పాత పెట్టెలు ఒక్కసారిగా నెట్‌వర్కులో మాయమయ్యాయి. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే మరో స్పూలర్ లోపం బయటపడింది. ఆగస్టు నుంచి సర్వరు నుంచి డ్రైవరు తెచ్చి పెట్టుకోవాలంటే నిర్వాహకుడి అనుమతి తప్పనిసరి చేశారు. సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత పంచుకున్న ప్రింటర్ల దగ్గర ‘11బి’తో ముగిసే దోష సంఖ్య ప్రపంచమంతా కనిపించింది. రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేస్తే పోతుందన్న చిట్కా వేగంగా పాకింది. ప్రింట్ వస్తుంది, నిజమే, కానీ ఆ చిట్కా చేసేది కొత్తగా వేసిన తాళం తీసేయడమే. ప్రింటరు పంచే కంప్యూటరు, వాడుకునే కంప్యూటరు రెండింటికీ అప్‌డేట్లు పూర్తిగా వేయడం సరైన వైద్యం.

ఎల్‌పీడీ అడగలేని ప్రశ్నలు అడగడానికి పుట్టింది ఐపీపీ. వెబ్ పేజీలు నడిచే హెచ్‌టీటీపీ మీదే ఇదీ నడుస్తుంది, పోర్టు నంబరు 631. 1999లో ప్రయోగాత్మకంగా, 2000లో మెరుగైన రూపంలో దాని వివరాలు వెలువడ్డాయి. మైకేల్ స్వీట్ తన చిన్న కంపెనీలో 1997లో మొదలుపెట్టిన కప్స్ అనే యూనిక్స్ ప్రింటింగ్ వ్యవస్థ దీన్నే పునాది చేసుకుని 1999లో బయటికొచ్చింది. లినక్స్ పంపిణీలు దాన్ని తీసుకున్నాయి. 2002లో మాక్ ఓఎస్ టెన్ 10.2తో ఆపిల్ కూడా తీసుకుంది. 2007లో ఆపిల్ కప్స్ మూల సంకేతాన్ని కొని, స్వీట్‌కు ఉద్యోగమిచ్చింది. మాక్, లినక్స్ మధ్య ప్రింటరు తగువులు తక్కువగా ఉండటానికి కారణం ఈ ఉమ్మడి పునాదే.

ప్రింటర్లు తమంతట తామే కనిపించే ఏర్పాటూ ఆపిల్ ఆ 10.2తోనే తెచ్చింది, దానికి తర్వాత బాంజూర్ అని పేరు పెట్టారు. ప్రింటరు నెట్‌వర్కులో ‘నేనున్నాను’ అని చాటుతుంది. ఆ చాటింపు మామూలుగా రౌటరు దాటదు. ప్రింటరు తీగ మీద ఒక విభాగంలో, ఫోను అతిథుల వైఫైలో ఉంటే రెండూ బాగానే ఉన్నా ఒకదానికొకటి కనిపించవు. అప్పుడు ప్రింటరు ఐపీ చిరునామా చేత్తో కొట్టి చూడాలి. దారి తెరిచి ఉంటే ప్రింట్ వస్తుంది, అతిథులను పూర్తిగా వేరుచేసిన వైఫైలో అదీ కుదరదు. నిన్న పనిచేసి ఇవాళ చేయకపోతే కరెంటు పోయి వచ్చాక రౌటరు ఆ చిరునామా మార్చి ఉంటుంది. రౌటరులోనే దాన్ని ప్రింటరు పేర కేటాయించి పెడితే ఈ బెడద ఉండదు.

కాగితం కొలత సంగతి చిన్నదే. ఏ4 కాగితం 210×297 మిల్లీమీటర్లు, అమెరికా లెటర్ 216×279. భారతదేశంలో ట్రేలో ఉండేది ఏ4. ఏదో ఒక ప్రోగ్రాములో అమెరికా అలవాటు మిగిలిపోతే ప్రింటరు దొరకని కాగితం కోసం దీపం మిణుకుమనిపిస్తూ ఆగుతుంది. పాత లేజర్‌జెట్‌ల మీద కనిపించిన ‘పీసీ లోడ్ లెటర్’ ఇదే. క్యాసెట్‌లో లెటర్ సైజు కాగితం పెట్టమని అడిగే ఈ మాట ఎవరికీ అర్థం కాక 1999 నాటి ‘ఆఫీస్ స్పేస్’ సినిమాలో హాస్యానికి పనికొచ్చింది.

2010 నవంబరులో ఐఫోన్లకు వచ్చిన ఎయిర్‌ప్రింట్‌తో తెలివి మళ్లీ ప్రింటరులోకి చేరింది. ఫోనులో వేల డ్రైవర్లు పెట్టలేరు కాబట్టి, నీకేం చేతనవునని ఫోను ఐపీపీలో ప్రింటరునే అడుగుతుంది. జవాబును బట్టి పేజీని పీడీఎఫ్‌గానో సాదా చుక్కల బొమ్మగానో పంపుతుంది. 2013లో మోప్రియా కూటమి, ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణం అదే దారి పట్టాయి. కంపెనీలు ఇచ్చే డ్రైవర్లను విండోస్‌లో క్రమంగా పక్కన పెడతామని 2023లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కప్స్ కూడా అటే నడుస్తోంది. ఈ పద్ధతికీ దొంగల బెడద తప్పలేదు. ప్రింటర్ల చాటింపు వినే కప్స్ తోడు ప్రోగ్రాములో 2024 సెప్టెంబరులో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. 631వ పోర్టును ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచకూడదు.

తెలివి లేని పాత ప్రింటర్లు మాత్రం ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. తెలుగు ఊళ్ల జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వాటిలో ఒకటి. స్విచ్ వేసిన ప్రతిసారీ తన లోపలి ప్రోగ్రామును కూడా అది కంప్యూటరు నుంచే తీసుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక మళ్లీ ఇచ్చేవాళ్లు లేకపోతే ప్రింట్ రాదు. ఇలాంటిదానికి కుదిరే ఏర్పాటు ఒకటుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న లినక్స్ కంప్యూటరును యూఎస్‌బీ తీగతో ప్రింటరుకు కలిపి, దానికి తగిన లినక్స్ డ్రైవరును అందులో పెట్టి, కప్స్‌తో పంచాలి. ప్రింటరుకు స్విచ్ వేయగానే లోపలి ప్రోగ్రాము దానంతటదే చేరేలా డ్రైవరును అమర్చుకోవాలి. అప్పుడు విండోస్, మాక్, ఫోను మూడింటికీ ఆ ప్రింటరు ఐపీపీ వచ్చిన ప్రింటరుగానే కనిపిస్తుంది, వాటిలో వేరే డ్రైవరు పెట్టనక్కరలేదు.