మోడల్ విమాన ఇంజన్ల బరువు

రేడియో కంట్రోల్ మోడల్ విమానానికి ఇంజన్ ఎంపికలో బరువు కీలకం. తయారీదారులు తరచూ సైలెన్సర్ లేని బరువునే ముందు చెబుతారు కాబట్టి, పోల్చేటప్పుడు విమానానికి బిగించే భాగాలన్నిటినీ కలిపి తూచాలి. ఉదాహరణకు 7.45 సీసీ గ్లో ఇంజన్ ఓ.ఎస్. 46 ఏఎక్స్ విడిగా సుమారు 375 గ్రాములు, సైలెన్సర్‌తో 489 గ్రాములు. 20 సీసీ పెట్రోల్ ఇంజన్ డీఎల్ఈ-20 సుమారు 650 గ్రాములు. దానికి ఇగ్నిషన్ పరికరం, సైలెన్సర్, బ్యాటరీ అదనం.

ముక్కు బరువు మారితే గరిమనాభి జరుగుతుంది. నాభికి 25 సెం.మీ. ముందు 100 గ్రాములు పెరిగితే, 75 సెం.మీ. వెనుక తోకలో సుమారు 33 గ్రాములు చేర్చాలి.

ఎత్తు ప్రభావం: బెంగళూరు విమానాశ్రయమున్న దేవనహళ్ళి ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 915 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత 8-9 శాతం తక్కువ కావడంతో ఇంజన్ శక్తి దాదాపు అంతే తగ్గుతుంది. నీడిల్ వాల్వ్‌ను కాస్త బిగించి ఇంధనం తగ్గించాలి. తీరప్రాంతంలో సరిపోయిన ఇంజన్ అక్కడ చాలకపోవచ్చు.

నిబంధనలు: 2021 డ్రోన్ నియమాల ప్రకారం మోడల్ విమానం మొత్తం బరువు 25 కిలోలు మించరాదు. విమానాశ్రయ పరిసరాల్లోని నిషిద్ధ గగనతలంలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు.